మొదటి అట్టు

వసంతలక్ష్మిని చంపింది కిబ్రోమ్. కత్తితో కాదు, విషంతో కాదు. వంటింటి వెనక తలుపు తట్టి చంపాడు. ఆంజనేయప్రసాద్ ఈ సంగతి ఎవరితోనూ వాదించడు, ఎవరికీ చెప్పుకోడు కూడా. కళ్ళారా చూసినదానికి ఒకరి ఒప్పుదల అక్కర్లేదు.

అందుకే శనివారం పొద్దున ఆ లాయరు పిల్ల వచ్చి సోఫాలో కూర్చుని కిబ్రోమ్ పేరు ఎత్తగానే ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

పొయ్యి మీద పెనం అప్పటికే కాగుతోంది. అమెరికాలో, అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలోని ఆ ఇంట్లో శనివారం అట్లు పోసేది ఆయనే. కూతురు భవిత వారమంతా ఆఫీసు మీటింగుల్లో నలిగిపోయి ఉంటుంది. అల్లుడు శశికాంత్‌కి పెనం ముందు నిలబడే ఓపిక లేదు. ఆయన ఉల్లిపాయని అడ్డంగా కోసి ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి పెనమంతా రుద్దాడు. నాలుగు నీటి చుక్కలు చిలకరించాడు. చుయ్యిమన్నాయి. గరిటెడు పిండి నడిమధ్య పోసి, గరిటె అడుగుతో లోపలి నుంచి బయటికి తిప్పాడు. మొదటి అట్టు ఎప్పటిలాగే అంటుకుంది. అట్లకాడతో గీకి, వచ్చినంతవరకు తీసి పక్కన చిన్న పళ్ళెంలో పెట్టాడు. వాళ్ళ కుటుంబంలో మొదటి అట్టు ఎవరికీ వడ్డించరు. భార్య వసంతలక్ష్మి ఉన్నన్నాళ్ళూ దాన్ని పక్కన పెట్టి, అందరూ తిని లేచాక తను తినేది. ఇప్పుడు ఆయన తింటాడు.

ఆ పిల్ల గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. పేరు అదితి. తెలుగువాళ్ళ పిల్లే గానీ ఇక్కడే పుట్టి పెరిగింది. శరణు కోరి వచ్చినవాళ్ళ కేసులు ఫీజు లేకుండా వాదించే ఆఫీసులో పని.

"అంకుల్, నా తెలుగు బ్యాడ్. ఇంగ్లీష్‌లో చెప్పనా?"

"వద్దు. ఏ భాషలోనూ వద్దు."

"నాన్నా, వినొచ్చు కదా. పొద్దున్నే అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చింది" అంది భవిత.

"రమ్మన్నానా?"

అదితి కదల్లేదు. "అంకుల్, విట్‌నెస్ నువ్వు ఒక్కడివే ఉన్నావ్" అంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని నువ్వు అనకూడదని ఆ పిల్లకి ఎవరూ నేర్పినట్టు లేదు. "గవర్నమెంట్ లాయర్ ఏమంటున్నాడంటే, కిబ్రోమ్ కాలేజీకే వెళ్ళలేదు, ఆర్మీ నుంచి పారిపోయి వచ్చాడు, మిగతాది అంతా స్టోరీ అని. జడ్జికి ప్రూఫ్ కావాలి. ఎరిట్రియా నుంచి పేపర్స్ రావు. అక్కడ ఎవరూ లెటర్ కూడా రాయరు, భయం. నీకు తెలుసు కదా ఆ కంట్రీ, అక్కడ టీచ్ చేశావ్."

ఆ దేశం పేరు ఆ ఇంట్లో పలకరు. ఆ సంగతి ఆ పిల్లకి తెలియదు. ఆయన రెండో అట్టు అంచుల్లో నూనె వేశాడు.

"నేనిక్కడున్నానని నీకెవరు చెప్పారు?"

"అతనే. మ్యాథ్స్ టీచర్ ప్రసాద్, వాళ్ళ అమ్మాయి పేరు భవిత అన్నాడు. మేడమ్ క్లాస్‌లో కూడా అమ్మాయి ఫోటో చూపించేదట. నేను ఆన్‌లైన్‌లో వెతికాను. చాలామంది భవితాస్ ఉన్నారు. ఒక భవిత నన్ను బ్లాక్ కూడా చేసింది." నవ్వబోయి మానుకుంది. "ప్రతిసారీ అడుగుతాడు, మేడమ్ ఎలా ఉన్నారు అని. నాకు తెలీదు అని చెప్తున్నా."

అట్లకాడ ఆయన చేతిలో ఆగిపోయింది. అదితి కళ్ళు హాల్లో గోడ మీదికి వెళ్ళాయి. అక్కడ వసంతలక్ష్మి ఫోటో ఉంది, గంధపు దండతో.

"ఇప్పుడు తెలిసింది, అంకుల్" అంది మెల్లిగా.

"వాడికి చెప్పకు."

"ఎందుకు?"

"ఆవిడ పోయిందన్న కబురు వినే యోగ్యత వాడికి లేదు."

భవిత తండ్రి వైపు చూసింది. తల్లి అక్కడ జబ్బు చేసి పోయిందని తప్ప ఆమెకి ఇంకేమీ తెలియదు. అప్పట్లో ఆమె గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునేది.

"పంపించేస్తే అతన్ని ఏం చేస్తారు?" అని అడిగింది భవిత.

"ఎయిర్‌పోర్ట్‌లోనే తీసుకెళ్ళిపోతారు. తర్వాత ఎక్కడ ఉంచుతారో ఎవరికీ తెలీదు. కోర్ట్ ఉండదు, లాయర్ ఉండడు. ఫ్యామిలీకి చెప్పరు." అదితి బ్యాగు భుజానికి తగిలించుకుంది. "హియరింగ్ బుధవారం. ఏడు నెలల నుంచి ఇక్కడ డిటెన్షన్‌లో ఉన్నాడు."

ఆంజనేయప్రసాద్ మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "ఏడు నెలలా? పట్టుకున్న మనిషిని నలభై ఎనిమిది గంటల్లో కోర్టు ముందు పెట్టాలన్న మాట ఇక్కడ లేదా?"

"అది క్రైమ్ కేస్‌కి అంకుల్. ఇది ఇమిగ్రేషన్. వేరే."

"వేరేలే" అన్నాడు. మళ్ళీ పెనం వైపు తిరిగాడు. అట్టు మాడిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం శశికాంత్ భోజనాల బల్ల దగ్గర విషయం తెచ్చాడు. మామగారితో మాట్లాడాల్సి వస్తే ముందు గొంతు సవరించుకోవడం అతనికి అలవాటు.

"మామయ్యగారూ, వచ్చే నెల మీ గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ. ఇలాంటప్పుడు ఇమిగ్రేషన్ కోర్ట్‌లో మీ పేరు ఎక్కడం అవసరమంటారా? మా వాట్సాప్ గ్రూప్‌లో అడిగాను. మీ పేరు చెప్పలేదులెండి. అందరూ వద్దనే అన్నారు. రఘు ఒక్కడే వెళ్ళమన్నాడు. వాడికి సిటిజన్‌షిప్ వచ్చేసింది, ఎన్నైనా చెప్తాడు."

"సాక్ష్యం చెప్తే కార్డ్ ఆగదట. అదితిని అడిగాను" అంది భవిత.

"లాయర్లు అలాగే అంటారు. ఆగాక కూడా అలాగే అంటారు."

"నేను వెళ్తానన్నానా, మీరు కొట్టుకోడానికి?" అన్నాడు ఆంజనేయప్రసాద్. మజ్జిగన్నం ముగించి, పళ్ళెం తీసుకెళ్ళి సింకులో కడుక్కున్నాడు. ఆ ఇంట్లో గిన్నెలు కడిగే మెషీన్ ఉంది. ఆయన పళ్ళెం ఎప్పుడూ అందులో పడలేదు.

భవిత వెనకాలే వచ్చింది. తడి గుడ్డతో గట్టు తుడుస్తూ, తుడిచినచోటే మళ్ళీ తుడుస్తూ నిలబడింది.

"నాన్నా, అమ్మ అక్కడేం పాఠం చెప్పేది?"

"ఇంగ్లీషు."

"ఏ పుస్తకాలు?"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. చెప్పకూడదనే అనుకున్నాడు. "పుస్తకాలెక్కడివి? కాలేజీ స్టోర్‌రూమ్‌లో వాళ్ళ రాజ్యాంగం కట్టలు కట్టలుగా పడి ఉండేది. తొంభై ఏడులో రాసుకున్నారు, ఆమోదించుకున్నారు, అచ్చు వేసుకున్నారు. అమలు మాత్రం చెయ్యలేదు. ఎలకలు కొరుకుతున్నాయని మీ అమ్మ ఒక కట్ట మోసుకొచ్చింది. పిల్లలందరికీ తలో పుస్తకం ఇచ్చింది."

"రాజ్యాంగంతో ఇంగ్లీషా?"

"చిన్న చిన్న వాక్యాలు, మంచి ఇంగ్లీషు అనేది. పట్టుకున్నవాణ్ణి నలభై ఎనిమిది గంటల్లో కోర్టు ముందు నిలబెట్టాలి. అది పైకి చదివించేది. పిల్లలు పాఠంలాగే చదివారు. వీడు నిజం అనుకున్నాడు." గిన్నె అందుకున్నాడు. "హాస్టల్లో వాడి పక్క మంచం కుర్రాణ్ణి సైనికులు పట్టుకుపోతే, ఆ పేజీ చింపి భోజనాల హాలు తలుపుకి అంటించాడు. అంటించి తిన్నగా మన వంటింటి తలుపు తట్టాడు. తియ్యొద్దన్నాను. మీ అమ్మ తీసింది."

"తర్వాత?"

"తర్వాతేముంది? సైనికులొచ్చి వాణ్ణి పట్టుకుపోయారు. కొన్నాళ్ళకి మీ అమ్మకి కడుపులో గడ్డ. అక్కడ కోసే డాక్టరు లేడు. ఆ దేశం దాటాలంటే పర్మిట్ కావాలి, మాలాంటి పరాయి దేశం వాళ్ళకైనా. రేపు రమ్మన్నారు. రేపు వెళ్తే మళ్ళీ రేపు రమ్మన్నారు. ఊరికే ఆపుతారా? ఈ పుస్తకం మేడమ్ ఇచ్చిందని వాడు చెప్పి ఉంటాడు. దెబ్బలు పడితే ఎవడైనా చెప్తాడు."

భవిత గుడ్డ వదిలేసింది. ఇన్నేళ్ళలో తండ్రి తల్లి చావు గురించి ఇన్ని మాటలు మాట్లాడడం ఆమె ఎరగదు.

"అయితే అతన్ని పంపించెయ్యనీ, నాన్నా. నీ ఇష్టం. కానీ ఆ గవర్నమెంట్ లాయరు అనేదేమిటి? అతను కాలేజీలో లేడు, పుస్తకం లేదు, మన ఇంటికి రాలేదు. బుధవారం కోర్టు అదే రాసుకుంటుంది."

ఆయన గిన్నెలో మినప్పప్పు పోసి, నీళ్ళు పోసి, వేళ్ళతో పైకీ కిందకీ కదిపాడు. నీళ్ళు తెల్లబడ్డాయి. వంచేసి మళ్ళీ పోశాడు. వాడు ఆ ఇంటికి రాలేదని ఇంకో దేశపు కోర్టు రాసుకుంటుంది. అప్పుడా పొద్దు లేనట్టే. ఆ వెనక తలుపు లేనట్టే. వసంతలక్ష్మి ఏ కారణమూ లేకుండా, ఊరికే, ఆదివారం నిద్రపోయినట్టు చచ్చిపోయినట్టే.

పప్పు కడగడం అయిపోయినా ఆయన కడుగుతూనే ఉన్నాడు.

"ఆ పిల్లకి ఫోన్ చెయ్యి" అన్నాడు చివరికి. "వస్తానని చెప్పు. వాడి కోసం కాదని కూడా చెప్పు."

బుధవారం ఆయన తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. కాలరు వెనక, చేతుల మడతల దగ్గర నీళ్ళు చల్లి మరీ చేశాడు. భవిత సెలవు పెట్టి అట్లాంటాకి డ్రైవ్ చేసింది. కోర్టు భవనంలో బెల్టు తీయించారు, బూట్లు తీయించారు. సాక్షి తన వంతు వచ్చేదాకా లోపలికి రాకూడదన్నారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఒకావిడ పసిపిల్లని ఒళ్ళో వేసుకుని ఏదో భాషలో జోకొడుతోంది. లోపల కిబ్రోమ్ చెప్తున్నాడు. తలుపు మందంగా ఉంది, ఏమీ వినపడదు.

చివరికి తలుపు తెరుచుకుని ఆయన పేరు పిలిచారు. పలకడం రాక సగం మింగేశారు.

కోర్టు అంటే పెద్ద హాలు ఊహించుకున్నాడు. స్కూలు గదంత ఉంది. కిబ్రోమ్ అక్కడ లేడు. గోడ మీద టీవీలో ఉన్నాడు, ఎక్కడో దూరాన ఉన్న డిటెన్షన్ సెంటర్లో, నీలం చొక్కాలో. ఆంజనేయప్రసాద్‌కి తెలిసిన కుర్రాడికి ఒత్తైన జుట్టు, పొడుగాటి మెడ ఉండేవి. టీవీలో ఉన్నవాడికి బట్టతల, నెరిసిన గడ్డం. ఆయన గదిలో అడుగు పెట్టగానే ఆ మనిషి లేచి నిలబడ్డాడు. ఆ కాలేజీలో టీచరు వస్తే పిల్లలు అలాగే లేచేవాళ్ళు. వెనక ఉన్న గార్డు కూర్చోమని సైగ చేశాడు. ఆంజనేయప్రసాద్ తన కుర్చీలో కూర్చునేదాకా అతను కూర్చోలేదు.

ప్రమాణం చేయించారు. దుభాషి అక్కర్లేదు, ఇంగ్లీషులోనే చెప్తానన్నాడు. అదితి అడిగినవాటికి ఒక్కో మాటలో జవాబు చెప్పాడు. అవును, నా విద్యార్థి. అవును, లెక్కలు. అవును, నా భార్య దగ్గర ఇంగ్లీషు. అవును, మా ఇంట్లోంచే పట్టుకుపోయారు.

తర్వాత గవర్నమెంట్ లాయరు లేచాడు. కుర్రవాడు, జలుబు చేసి ఉంది, మర్యాదస్తుడు. ముక్కు తుడుచుకుని అడిగాడు.

"సైనికులు వచ్చేసరికి ఇతను మీ ఇంట్లో ఏం చేస్తున్నాడు?"

"తింటున్నాడు."

"ఏం తింటున్నాడు?"

"అట్టు. పెనం మీద పోస్తాం, పిండితో."

"మీ భార్య వడ్డించారా?"

"లేదు. మొదటి అట్టు మేం ఎవరికీ వడ్డించం. సరిగా రాదు. నా భార్య దాన్ని పక్కన పెట్టింది. ఇంకోటి పోస్తాను ఆగమంది. ఇతను ఆగలేదు. పక్కన పెట్టినదే తీసుకుని నిలబడే తిన్నాడు. సగం తినేసరికి వాళ్ళొచ్చారు. మిగిలిన సగం చేతిలో ఉండగానే తీసుకెళ్ళారు."

జడ్జి తెల్ల జుట్టు ఆవిడ. ముందున్న కాగితాలు రెండు వెనక్కి తిప్పి ఏదో చూసుకుంది. కళ్ళజోడు తీసి టీవీ వైపు చూసింది. కిబ్రోమ్ పొద్దున ఇదే ప్రశ్నకి ఏం చెప్పాడో ఆంజనేయప్రసాద్‌కి తెలియదు. అదితి మాత్రం బల్ల కింద చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

లాయరు ఇంకో దారి పట్టాడు. "ఇతనంటే మీకు అభిమానం. మీ భార్యకి కూడా. పాత విద్యార్థికి మేలు చెయ్యాలని వచ్చారు. సహజమే కదా?"

"కాదు."

"మరి?"

"నా భార్య ఇతని వల్ల చనిపోయింది. ఇతని పేరుతో మా పేర్లు కలిశాయి. పర్మిట్ ఇవ్వలేదు. వైద్యం లేక పోయింది. ఇతను బాగుపడాలని నేను కోరుకోవడం లేదు. కానీ మా ఇంటికి వచ్చాడు. అది జరిగింది. జరగలేదని ఎవరూ రాయడానికి వీల్లేదు."

దుభాషి గొంతు ఆ మాటల్ని ఆ దేశపు భాషలోకి మార్చుకుంటూ వెనకాలే నడిచింది. దుభాషి ముగించకముందే టీవీలో మనిషి మొహం మారింది. అతనికి ఇంగ్లీషు వచ్చు. నేర్పినావిడ బాగానే నేర్పింది.

లాయరు కూర్చున్నాడు. "ఇంకేమీ లేవు" అన్నాడు.

సాక్ష్యం అయిపోయింది కనక ఆయన్ని వెనక భవిత పక్కన కూర్చోనిచ్చారు. అదితి కిబ్రోమ్‌ని ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతానంది. జడ్జి తనే అడిగింది.

"ఆ పుస్తకం నీకెవరు ఇచ్చారని వాళ్ళు అడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"స్టోర్‌రూమ్‌లో దొంగతనం చేశానని చెప్పాను."

"అదే చెప్తూ వచ్చావా?"

"అదే. ఓడల్లో సరుకులు వేసుకొచ్చే పెద్ద ఇనప డబ్బాలో నన్ను పెట్టారు. పగలు గోడ ముట్టుకుంటే కాలేది. బయటికి తీసి అడిగేవాళ్ళు, కొట్టేవాళ్ళు, మళ్ళీ పెట్టేవాళ్ళు. దొంగతనం చేశానన్నాను. చివరికి వాళ్ళకే విసుగొచ్చింది. దొంగ అని రాసుకున్నారు."

"నిజం ఎందుకు చెప్పలేదు?"

కిబ్రోమ్ దుభాషి కోసం ఆగలేదు. ఇంగ్లీషులోనే చెప్పాడు. "చెప్తే మేడమ్‌ని తీసుకొస్తారు. చెప్పకపోతే మేడమ్ ఇంటికి వెళ్ళిపోతారు, భవిత దగ్గరికి. ఆ డబ్బాలో అదే అనుకునేవాణ్ణి. ఈపాటికి వెళ్ళి ఉంటారు, ఈపాటికి విమానం ఎక్కి ఉంటారు అని. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను." కెమెరాలోకి కాక, ఇంకెక్కడో చూస్తూ అడిగాడు. "టీచర్, ఎప్పుడు?"

గవర్నమెంట్ లాయరు లేవబోయాడు. జడ్జి అతని వైపు చూసింది. కూర్చున్నాడు. ఆవిడ ఆంజనేయప్రసాద్ వైపు తిరిగి తల ఊపింది.

"ఆ తర్వాతి ఏడాది" అన్నాడు ఆయన కూర్చున్నచోటి నుంచే. "వానలకి ముందు."

కిబ్రోమ్ పెదవులు కదిపి ఏదో లెక్క వేసుకున్నాడు.

"అప్పటికి నేను డబ్బాలోనే ఉన్నాను" అన్నాడు. "నేను చెప్పలేదు, టీచర్. ఒక్కసారి కూడా చెప్పలేదు."

తర్వాత జడ్జి చాలాసేపు తీర్పు చదివింది. అందులో ఆ దేశం పేరు వచ్చింది, రాజ్యాంగం మాట వచ్చింది, నమ్మదగిన సాక్షి అన్న మాట వచ్చింది. ఆంజనేయప్రసాద్‌కి ఒక్కటీ ఎక్కలేదు. పర్మిట్ ఆఫీసు బయట వరస గుర్తొచ్చింది. ఆ వరసలో వంతెనలు కట్టడానికి వచ్చిన ఇటలీ ఇంజనీరు ఉండేవాడు, కన్ను పోతున్న ముసలావిడ ఉండేది, పెళ్ళి కుదిరిన పిల్ల ఉండేది. వాళ్ళెవరూ ఎవరికీ అట్టు పెట్టలేదు. వాళ్ళకీ రేపు రమ్మన్నారు. ఆ సంగతి ఆయన అప్పుడూ చూశాడు. చూసి వదిలేశాడు.

శరణు ఇచ్చారు. గవర్నమెంట్ లాయరు అప్పీలుకి వెళ్ళనన్నాడు. టీవీ ఆర్పేశారు. ఆర్పేవరకూ కిబ్రోమ్ నిలబడే ఉన్నాడు.

వరండాలో అదితి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "అంకుల్, నువ్వు కోపంగా చెప్పావ్ కదా, అందుకే జడ్జి నమ్మింది. ఫ్రెండ్ అయితే నమ్మేది కాదు. రిలీజ్ అయ్యాక నిన్ను చూడ్డానికి వస్తానంటాడు, నాకు తెలుసు."

"రావద్దను."

"ఎందుకు అంకుల్?"

ఆయన వంగి బూటు తాడు కట్టుకున్నాడు. ఒకసారి కట్టి, విప్పి, మళ్ళీ కట్టాడు.

శనివారం పొద్దున ఆయన పెనం మీద ఉల్లిపాయ రుద్దుతుండగా బయట కారు ఆగింది. భవిత కిటికీలోంచి చూసి వచ్చింది.

"అదితి, నాన్నా. నిన్న వదిలేశారట. క్లార్క్‌స్టన్‌లో వాళ్ళ దేశం వాళ్ళ ఇంట్లో దింపడానికి తీసుకెళ్తోంది. అతను కారు దిగనంటున్నాడట. నువ్వు పిలిస్తేనే దిగుతానన్నాడు."

ఆయన నీళ్ళు చిలకరించాడు. గరిటెడు పిండి పోసి తిప్పాడు. పిండి బుడగలు బుడగలుగా విచ్చుకుంది. అట్టు అంటుకుంది. అట్లకాడ అంచుల కింద పెట్టి, ఒక్కో పక్కే, తొందర పడకుండా లేపాడు. ఒకచోట చిరిగింది. మిగతాది వచ్చింది. చిన్న పళ్ళెంలో వేసి, పక్కన కారప్పొడి పెట్టి, నెయ్యి వేశాడు. పళ్ళెం భవిత చేతికిచ్చాడు.

"ఇచ్చి రా."

"ఇది మొదటిది కదా."

"తెలుసు."

"లోపలికి పిలవనా?"

"వద్దు."

భవిత వెళ్ళింది. ఆయన రెండోది పోశాడు, మూడోది పోశాడు. కిటికీ వైపు తిరగలేదు. కారు స్టార్టయిన చప్పుడు, వీధి చివర మలుపు తిరిగిన చప్పుడు విన్నాడు. భవిత ఖాళీ పళ్ళెంతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడ్చిన మొహం.

"నాన్నా" అంది. "అతను చెప్పలేదు. మరి అమ్మని ఎవరు చంపినట్టు?"

ఆయన పళ్ళెం ఆమె చేతిలోంచి తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళాడు. కుళాయి తిప్పి, నెయ్యి జిడ్డు పోయేదాకా రుద్ది కడిగి, బోర్లించాడు.

"ఈ మాట ఇక ఈ ఇంట్లో ఎత్తకు, భవితా. నేను బతికుండగా ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."